అర్థంగారి అపెండిక్స్

మా మావయ్య ఎవర్నీ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడనివ్వడు. మీరు "నిన్న మా ఇంట్లో..." అని మొదలుపెట్టారనుకోండి, ఆయన చూపుడువేలు టక్కున పైకి లేస్తుంది. "ఆగండాగండి. ఆ మాటకి అర్థమేమిటి?" అంటాడు. ఇల్లు అనే మాటకి కూడా అర్థం అడుగుతారా అని మీరు నవ్వచ్చు. అడుగుతాడు. సొంతిల్లా, అద్దెయిల్లా, అత్తవారిల్లా అన్నది తేలేదాకా మిమ్మల్ని 'నిన్న' దగ్గరే నిలబెట్టేస్తాడు.

ఈ జబ్బు ఆయనకి పెళ్ళినాటికే ముదిరిందట. ఎవరో పెద్దాయన "జీవితాంతం తోడుంటావు కదా బాబూ?" అని అడిగితే, "ఆగండి, ఎవరి జీవితాంతం? నాదా, ఆవిడదా?" అన్నాడట. అంతసేపూ తలొంచుకుని కూర్చున్న అత్తయ్య తలెత్తి, "ముందు ఎవరిదైతే వాళ్ళది" అందట. ముప్ఫై ఏళ్ళయినా ఆ జవాబు చెప్పుకుని మురిసిపోవడం ఆవిడ మానలేదు.

ఒకసారి పక్కింటాయన రొప్పుకుంటూ వచ్చి, "మీ వంటింట్లోంచి పొగ కమ్ముకొస్తోందండీ!" అన్నాడు. "కమ్ముకురావడమంటే కిటికీ దాకానా, కప్పు దాకానా?" అని మావయ్య నిదానంగా అడిగాడు. పక్కింటాయన బిందెడు నీళ్ళు పొయ్యి మీదా, చెంబెడు నీళ్ళు మావయ్య మీదా పోసి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఇంత పేరు తెచ్చుకున్న మనిషి పనిచేసే చోట ఊరుకుంటాడా? మావయ్య బెలూన్ల షెడ్డులో కటింగు మేస్త్రి. పిల్లలు ఊదుకునే బుడగలు కావు, మనుషులు ఎక్కి ఆకాశంలోకి వెళ్ళేవి. ఆ షెడ్డులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఓనరుగారి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన 'అర్థంగారే'. కిందటేడు నేనూ అక్కడే కుట్టుమిషను మీద చేరాను. చేరిన మొదటిరోజు ఓనరుగారు అందరికీ పని చెబుతూ, "ఈ వారంలో ఇరవై నాలుగు తొనలు కుట్టాలి" అన్నారో లేదో, వెనకనుంచి వేలు లేచింది.

"ఆగండి. తొన అంటే ఏమిటండీ?"

షెడ్డంతా గొల్లుమంది. "ముప్ఫై ఏళ్ళుగా నువ్వు కోస్తున్నవి ఏమిటయ్యా మరి?" అని ఓనరుగారు తల పట్టుకున్నారు. నా పక్క మిషను ఆవిడ నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ, "బత్తాయి తొనలాగే అర్థంగారూ! రెండు కొసలా సన్నగా, మధ్యలో వెడల్పుగా కోసిన పొడుగాటి గుడ్డముక్క. అవన్నీ పక్కపక్కన కుడితే గుండ్రటి సంచీ అవుతుంది" అని విడమర్చి చెప్పింది. "ఓహో, అలాగా!" అన్నాడు మావయ్య, జీవితంలో మొదటిసారి విన్నట్టు. ఈయన మేనకోడల్నని ఈ షెడ్డులో ఒక్కరికీ తెలియకూడదనుకున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ "అమ్మడూ, మీ అత్తయ్య నీక్కూడా క్యారేజీ పంపింది" అని ఆయన షెడ్డు దద్దరిల్లేలా కేకేసే దాకా తెలియలేదు కూడా.

అప్పటినుంచీ చూస్తున్నాను. కొత్తవాళ్ళు ఎవరు చేరినా సరే, ఆ వారమంతా ఆయనకి మతిమరుపు వచ్చేసేది. వాల్వు అంటే ఏమిటి, బరువు కోసం వేసే బ్యాలస్ట్ అంటే ఏమిటి, మనుషులు నిలబడే తొట్టి అంటే ఏమిటి అని ప్రాణం తీసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, చెప్పేవాళ్ళు, మళ్ళీ నవ్వేవాళ్ళు.

ఇలా ఉండగా మా షెడ్డుకి ఒక పుస్తకం వచ్చింది. ఊళ్ళో విమానాల మ్యూజియం వాళ్ళు వందేళ్ళ కిందటి గ్యాసు బెలూన్ని అప్పటి కొలతలతో, అప్పటి పద్ధతిలో మళ్ళీ తయారుచెయ్యమన్నారు. తయారుచేసి అద్దాల గదిలో పెట్టుకోవడానికి కాదు, జనం ముందు ఎగరెయ్యడానికి! ఎక్కేది మా పైలటమ్మ. తాడు కట్టి మూడొందల మీటర్ల ఎత్తుకి వదిలి, మళ్ళీ కిందికి లాగాలి. ఆ పని అంతటికీ ఆధారం వాళ్ళు పంపిన ఆ పాత పుస్తకమే. అందులో బొమ్మలున్న పేజీలు ఏరికోరి మరీ చెదలు తినేశాయి, మాటలు మాత్రం మిగిలాయి. ఒక్క మాటకి తప్పు అర్థం చెప్పుకున్నా పైకి వెళ్ళిన పైలటమ్మ కిందికి ఎలా వస్తుందో చెప్పలేం. అయినా సరే, ఆ పుస్తకం అట్ట తెరిచిన పొద్దున మాకెవరికీ కాలు నిలవలేదు. వందేళ్ళనాటి బెలూన్ మా చేతుల మీదుగా లేవబోతోంది మరి!

ముందు ఓనరుగారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చాలా మంచివారు. ఈ షెడ్డు ఆయన మామగారిది. మామగారు పోయాక ఈయనకి వచ్చింది. అంతకుముందు ఈయన కర్టెన్ల షాపు నడిపేవారు. పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి ఒక ఆదివారమంతా చదివి, సోమవారం తెల్లచీర కట్టుకున్న ఒకావిడని వెంటబెట్టుకుని వచ్చారు.

"బెలూన్ నింపినంతసేపూ నర్సు పక్కనే ఉండాలని పుస్తకంలో రాశారు. అందుకని ఆస్పత్రిలో రిటైరైన ఈవిడని మాట్లాడాను" అన్నారు దర్జాగా.

పాతకాలంవాళ్ళ ముందుచూపుకి మేమంతా ముచ్చటపడ్డాం. వేలు లేచింది. "ఆగండి. నర్సు అంటే ఏమిటండీ?"

"నర్సంటే నేనేనండీ" అందావిడ బిత్తరపోయి.

"అది కాదమ్మా, నాకిక్కడ తికమకగా ఉంది" అంటూ మావయ్య పుస్తకం తీసి చదివాడు. "'నర్సు కడుపులో ఎల్లవేళలా నలభై ఘనపు మీటర్ల గ్యాసు ఉండవలెను' అని ఉంది. ఈ మాట మీకేమన్నా అర్థమవుతోందా?"

ఆవిడ పొట్ట తడుముకుని, "నాకు గ్యాసు ట్రబుల్ ఉన్నమాట నిజమేనండీ. కానీ మరీ అంత లేదు" అంది.

పైలటమ్మ నేలమీద కూర్చుని మరీ నవ్వింది. నవ్వడం అయ్యాక తనే చెప్పింది. పెద్ద సంచీలో గ్యాసు తగ్గితే ఎక్కించడానికి పక్కన ఒక చిన్న గ్యాసు సంచీ ఉంచుతారట, దానికే నర్సు అని పేరట. "నేనూ అదే అనుకున్నాను" అన్నారు ఓనరుగారు. పిలిచినావిడని పంపేస్తే బాగుండదని మా అందరి బీపీలూ చూడమన్నారు. ఆవిడకి మా షెడ్డు నచ్చేసింది. బెలూన్ ఎగిరేదాకా రోజూ వచ్చి, ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్ళ చెయ్యి పట్టుకునేది.

ఆ తర్వాతి వారం ఓనరుగారు కావలసిన సామాన్ల జాబితా రాశారు. మూడో వరసలో 'బంగారు రేకులు కొట్టేవాళ్ళ చర్మం - వెయ్యి ముక్కలు' అని ఉంది. "ఇంతమందిని ఎక్కణ్ణుంచి తెస్తామయ్యా?" అని ఆయన దిగులుపడుతుంటే, "నాకసలు ఆ మాటే అర్థం కాలేదు, మీరూ తోడు రండి, అడుగుదాం" అని మావయ్య ఆయన్నీ నన్నూ లాక్కుపోయాడు. సందు చివర బంగారాన్ని పల్చటి రేకులుగా కొట్టే ముసలాయన ఒకరున్నారు.

"అయ్యా, మీ చర్మం గురించి మాట్లాడదామని వచ్చాం" అన్నాడు మావయ్య.

ముసలాయన సుత్తి చేతిలో పట్టుకునే రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎవరు మీరు?"

"బెలూన్ చెయ్యడానికి వెయ్యి ముక్కలు కావాలిట" అన్నారు ఓనరుగారు వినయంగా.

ముసలాయన లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు. తలుపు ఇవతలనుంచి బతిమాలగా బతిమాలగా సంగతి తెలిసి, ఆయన బయటికొచ్చి కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. బంగారు రేకుల మధ్య పెట్టి కొట్టడానికి ఎద్దు పేగు పైపొరని శుభ్రం చేసి వాడతారట. ఉల్లిపొరంత పల్చన, గ్యాసు మాత్రం ఒక పట్టాన బయటికి పోదు. పాతకాలం వాళ్ళు దాన్ని గుడ్డకి అతికించేవాళ్ళన్నమాట. మేం రబ్బరు పూసిన గుడ్డతో సరిపెట్టుకోవాలని అక్కడే నిర్ణయించుకున్నాం. ఓనరుగారు తిరిగొచ్చే దారిలో జాబితాలో మూడో వరస కనిపించకుండా కొట్టేశారు.

ఇంటి దగ్గరైనా నాకు సుఖం లేదు. ఒక శనివారం వాళ్ళింటికి వెళ్ళేసరికి మావయ్య, అత్తయ్య కొనుక్కున్న కొత్త దుప్పటిని దండెం మీద ఆరేసి, దాని అంచుకి తాడు కుట్టి, తాడుకి రుబ్బురోలు పొత్రం వేలాడదీస్తున్నాడు. దుప్పటి పర్రుమని చిరిగింది. "చూశావా అమ్మడూ! ఇప్పుడు పుస్తకంలో చెప్పిన 'కాకికాలు' కడతాను" అని అదే తాడుని మూడు పాయలు చేసి, మూడు చోట్ల కుట్టి, మళ్ళీ పొత్రం వేలాడదీశాడు. ఈసారి చిరగలేదు. బరువంతా ఒక్కచోట పడకుండా మూడు చోట్లకి పంచడమే కాకికాలు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి చూసి, "ఆ కాకికి వాలడానికి నా దుప్పటే దొరికిందా?" అంది. నేను మాత్రం "ఇదంతా నాకు తెలుసు మావయ్యా" అన్నాను. తెలియదు. కాకికాలంటే అప్పటిదాకా ఏదో కుట్టు డిజైను అనుకుంటున్నాను. కానీ అలా ఒప్పుకుంటే నేనూ అర్థంగారిలా అయిపోతానని నా భయం.

ఆ భయమే నా కొంప ముంచబోయింది.

ఎగరెయ్యడానికి ముందురోజు మధ్యాహ్నం ఓనరుగారు అందర్నీ కూర్చోబెట్టి పుస్తకం చదువుతూ ఎవరి పని వాళ్ళకి పంచారు. నా దగ్గరికొచ్చేసరికి, "'గ్యాసు నిండిన పిమ్మట అపెండిక్స్‌ను గట్టిగా కట్టవలెను.' ఇది నీ పనమ్మా. తర్వాతిది బొమ్మలున్న పేజీ, చెదలు తినేశాయి. మిగతాది తెలుసుగా?" అన్నారు.

తెలుసన్నట్టు తల ఊపాను. అపెండిక్స్ గురించి నాకు తెలిసింది ఒక్కటే, చిన్నప్పుడు మా అన్నయ్యకి ఆపరేషన్ చేసి తీసేశారు. బెలూన్ అడుగున చొక్కా చెయ్యిలా వేలాడే గుడ్డ గొట్టమే ఇక్కడ అపెండిక్స్ అని మాత్రం అక్కడివాళ్ళ చూపులని బట్టి పట్టేశాను. మనుషుల్లో అది ఎందుకూ పనికిరాని భాగం కదా, గ్యాసు నింపడం అయ్యాక బెలూన్లోనూ అంతే అయ్యుంటుందని నాకు నేనే అర్థం చెప్పేసుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో మావయ్య, "అమ్మడూ, అపెండిక్స్ సంగతి తెలుసు కదా?" అని అడిగాడు. "నాకన్నీ తెలుసు మావయ్యా, నన్ను నీతో కలపకు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే మైదానం కిటకిటలాడిపోయింది. ముఖ్య అతిథి వచ్చారు, బ్యాండు మోగింది. పచ్చటి గడ్డి మీద పడున్న గుడ్డకుప్ప గ్యాసు ఎక్కేకొద్దీ ఒళ్ళు విరుచుకుని లేచి, నిండుగా, గుండ్రంగా, నాలుగంతస్తుల ఎత్తున నిలబడింది. నేను కుట్టిన తొనలు ఎండలో మెరుస్తుంటే ఎగిరి గంతెయ్యాలనిపించింది. గ్యాసు నిండింది. నేను నిచ్చెనెక్కి అపెండిక్స్‌ని కట్టాను. మామూలుగా కట్టడమా? మైనం దారంతో పది చుట్లు, ముడి మీద ముడి, దానిమీద టేపు. చూడ్డానికి బాగుండదని ముడిని పై మడతలోకి దోపేశాను కూడా. కిందనుంచి చూస్తే గొట్టం మామూలుగా, నోరు తెరుచుకుని వేలాడుతోంది.

పైలటమ్మ తొట్టిలోకి ఎక్కి, "అపెండిక్స్ చూశావా?" అని అడిగింది.

"చూశానండీ, బ్రహ్మాండంగా ఉంది!"

ఓనరుగారు పచ్చజెండా పైకెత్తారు. తాడు పట్టుకున్నవాళ్ళు కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడు జనంలోంచి చూపుడువేలు లేచింది.

"ఆగండాగండి! అపెండిక్స్ అంటే ఏమిటండీ?"

మైదానం మైదానమంతా ఒక్కపెట్టున నవ్వింది. బ్యాండువాళ్ళు వాయించడం మానేసి నవ్వారు. ముఖ్య అతిథి "ఎవరాయన?" అని అడిగారు. "మా కటింగు మేస్త్రి అండీ, చాలా పాత మనిషి" అన్నారు ఓనరుగారు జెండా వెనక మొహం దాచుకుంటూ. నేను నర్సుగారి వెనక దాక్కున్నాను.

పైలటమ్మ ఒక్కతే నవ్వలేదు. తొట్టి అంచు మీదికి వంగి, పాఠం చెబుతున్నట్టు గట్టిగా చెప్పింది. "బాగా వినండి అర్థంగారూ. అడుగున వేలాడే గొట్టమే అపెండిక్స్. గ్యాసు నింపాక బయటి గాలి కలవకుండా కడతాం. ఎగరబోయే ముందు తప్పకుండా విప్పేస్తాం. పైకి వెళ్ళేకొద్దీ లోపలి గ్యాసు ఉబ్బుతుంది. ఎక్కువైనది ఈ గొట్టంలోంచే పోవాలి. కట్టేసి ఉంటే సంచీ పగులుతుంది."

"పగిలితే ఏమవుతుందండీ?"

"ఏముందీ, నేను కిందికొచ్చేస్తాను. బెలూన్ లేకుండా."

జనం మళ్ళీ నవ్వారు. "ఒక్క నిమిషం! ఒక్క నిమిషమండీ!" అని అరుస్తూ పరిగెత్తాను. నిచ్చెన దొరకలేదు. తొట్టి అంచు మీదికే ఎక్కి, తాళ్ళు పట్టుకుని, నడుముకున్న కత్తెర తీసి టేపు కోశాను, ముడి కోశాను, దాని కింది ముడి కోశాను. అంత గట్టిగా కట్టినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ పది చుట్లూ కోశాను. గొట్టం లోపల వదులైంది. "దారం వేలాడుతుంటే..." అని ఏదో గొణిగి కిందికి దూకాను. పైలటమ్మ నా మొహం వంక ఒక్క క్షణం చూసింది. జెండా ఊగింది.

బెలూన్ లేచింది! చప్పుడు లేకుండా, తొందర లేకుండా, అంతెత్తున సంచీ నేలని వదిలి లేచిపోతుంటే జనం నవ్వడం మర్చిపోయి నోళ్ళు తెరిచారు. పైకి లేచేకొద్దీ అది ఉబ్బి, ఎక్కువైన గ్యాసు గొట్టంలోంచి పోతుంటే గుడ్డ అంచులు అల్లల్లాడాయి. అది నా కంటికి కనిపించింది. నేను ఏడ్చేశాను, నవ్వాను, పక్కనున్న నర్సుగారిని వాటేసుకున్నాను.

ఇరవై నిమిషాలకి తాడు లాగి కిందికి దింపారు. పైలటమ్మ దిగీ దిగగానే నేను ఆవిడ్నీ మావయ్యనీ పక్కకి తీసుకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మైనం దారం, పది చుట్లు, టేపుతో సహా.

మావయ్య గడ్డిలో కూలబడ్డాడు. "ఎగరబోయేదాకా కట్టే ఉంచావా?" అన్నాడు. "నీకు మాట తెలియదనుకున్నానే తప్ప... కట్టే ఉంచావా?" నర్సుగారు రెండంగల్లో వచ్చి ఆయన చెయ్యి పట్టేసుకున్నారు.

"అంటే, నాకు తెలియదని నీకు తెలుసా?"

"తెలిసినవాళ్ళు తల ఒకసారి ఊపుతారు అమ్మడూ. తెలియనివాళ్ళు మూడుసార్లు ఊపుతారు. నువ్వు నిన్న నాలుగుసార్లు ఊపావు."

"పక్కకి పిలిచి చెప్పచ్చు కదా?"

"సాయంత్రం అడిగితే అన్నీ తెలుసన్నావు. తెలుసన్నవాళ్ళకి ఏం చెబుతాం? వాళ్ళు వింటుండగా మనమే ఎవర్నో అడగాలి."

పైలటమ్మ నా భుజం మీద చెయ్యేసింది. "ఆ పుస్తకంలో ఉన్న మాటలన్నీ ఈయనకి కంఠతా వచ్చు. పాత ఓనరుగారు దగ్గర కూర్చోబెట్టుకుని మాటమాటా నేర్పారట. పదిహేనేళ్ళ కిందట నేను చేరినప్పుడు నాకేమీ తెలియదు, అడగాలంటే నామోషీ. ప్రతి మీటింగులోనూ ఈయనే వేలెత్తి అడిగేవారు. ఈయన్ని చూసి అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూ నవ్వుతూ పైలట్‌నైపోయాను" అంది.

మొదటిరోజు తొన అంటే ఏమిటో నాకు నిజంగా తెలియదు. ఆ షెడ్డులో నేను నేర్చుకున్న ఒక్కొక్క మాటా ఈయన వేలెత్తితే వచ్చిందే. ఈయన మేనకోడల్నని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను నేను!

"అంతమంది నవ్వుతారు కదా మావయ్యా, నీకేం అనిపించదా?"

"నవ్వనీ. నవ్వేటప్పుడు నోరు తెరుస్తారు కానీ చెవులు మూసుకోరు కదే" అన్నాడు. తర్వాత నర్సుగారి వైపు తిరిగి, "బీపీ ఎక్కువగా ఉందంటున్నారు, ఎక్కువంటే ఎంతండీ?" అని అడిగాడు. ఆయన కోలుకున్నాడని అర్థమై నాకు ప్రాణం లేచొచ్చింది.

పైలటమ్మ నన్ను ఊరికే వదల్లేదు. "నువ్వు కుట్టినదాంట్లో నేనొక్కదాన్నే ఎక్కడం ఏం న్యాయం? పద, ఎక్కు" అంది. నర్సు సంచీలోంచి తగ్గిన గ్యాసు ఎక్కించారు. వణుకుతూ, ఎగిరి గంతేస్తూ, రెండూ ఒకేసారి చేస్తూ తొట్టిలోకి ఎక్కాను. ఎక్కీ ఎక్కగానే కనిపించిన ప్రతి తాడునీ పట్టుకుని ఇదేమిటండీ, అదేమిటండీ అని ఆవిడ ప్రాణం తోడేశాను.

కింద ముఖ్య అతిథి ఓనరుగారిని అడగడం వినిపించింది. "ఏమండీ, ఆ పైన ఎర్రగుడ్డ వేసింది చింపుడు తొన కదూ? గాలిలో ఉండగా దాన్ని చింపరు కదా?"

ఓనరుగారు తల ఊపారు. ఒకటి, రెండు, మూడు. "అయ్యో, ఎందుకు చింపమండీ? చింపుతాం! తప్పకుండా చింపుతాం!"

నేను తొట్టి అంచుని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఆగండాగండి!" జనాన్ని తోసుకుంటూ మావయ్య వేలెత్తాడు. "చింపుడు తొన అంటే ఏమిటండీ?"

మైదానమంతా మళ్ళీ గొల్లుమంది. "మళ్ళీ మొదలెట్టావా అర్థంగారూ, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ ఏం చేస్తున్నావయ్యా!" అని ఓనరుగారు అందరికంటే గట్టిగా విసుక్కున్నారు. పైలటమ్మ నవ్వాపుకుంటూ, అది నేలమీద దిగాక గ్యాసు ఒక్కసారిగా పోయేలా చింపడానికనీ, గాలిలో ఉండగా దాని జోలికి ఎవరూ పోకూడదనీ కేకేసి చెప్పింది. అప్పటికే మేం నేల వదిలేశాం. జనమంతా మావయ్యని చూసి నవ్వుతున్నారు. నేను ఆయన్ని చూడలేదు, ఓనరుగారిని చూశాను. ఆయన విసుక్కుంటూనే జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఎవరికీ కనిపించకుండా జెండా చాటున పెట్టుకుని, పైలటమ్మ చెప్పిందంతా గబగబా రాసుకుంటున్నారు.